మొత్తం కన్నా పెద్ద ముక్క

తలుపుకి వేసేవి రెండు: గడియ, తాళం. కాలాన్ని కొలవడానికి పనికొచ్చేవీ ఆ రెండే: గడియ, తాళం. ఈ కొంటెతనం నాది కాదు, భాషది. ఈ కథలో పెద్దమనిషి మాత్రం రెండూ వేస్తాడు. వేసి లాగి చూస్తాడు. నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి లాగుతాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి ఇంకోసారి లాగుతాడు. ఆ లాగుడికి తాళం ఏనాడూ ఊడలేదు గానీ గొళ్ళెం మాత్రం రెండుసార్లు చేతికొచ్చింది. అలా ఇంటా బయటా ఆయన పేరు 'తాళం' అయిపోయింది. ఎదురుగా ఉంటే తాళంగారు, పక్కకి వెళితే ఉత్త తాళం.

తాళంగారి వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన డాన్సు బడి, మధ్యలో ఆయన ఆఫీసు. పైవాళ్ళు తాళం తప్పినప్పుడల్లా తాళంగారి నెత్తిన సున్నం రాలుతుంది. ఆ సున్నం కావాలనే రాలుస్తున్నారని ఆయన అనుమానం.

ఆ ఆఫీసుకి అన్నం పెట్టే ప్రోగ్రాము ఒక్కటే, బస్సు డిపో డ్యూటీ చార్టు. రేపు ఏ బస్సు ఏ డ్రైవరు నడపాలి, ఎవరికి సెలవు, ఎవరికి విశ్రాంతి అన్నీ చూసి, బటన్ నొక్కగానే చార్టు తయారుచేసి ఇస్తుంది. అందులో రెండు ముక్కలు. డ్రైవరుకీ బస్సుకీ జత కలిపేది మొదటి ముక్క. ఆ జతల్ని సరిచూసి, గళ్ళు గీసి చార్టుగా అచ్చు వేసేది రెండో ముక్క. రెండోది తాళంగారు రాసిందే. మొదటిది పాతబడిపోతే, కొత్తగా చేరిన కుర్రాడి చేత మళ్ళీ రాయించారు. ఆ కుర్రాడు తాళంగారి భార్యకి స్వయానా తమ్ముడు. ఆఫీసులో అందరూ అతన్ని బావమరిది అనే పిలుస్తారు. మేనేజరమ్మ కూడా 'బావమరిదిగారూ' అంటుంది. ఆడవాళ్ళకి బావమరుదులు ఉండరన్న సంగతి ఆ ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

అంతా సవ్యంగా నడుస్తుండగా డిపో నుంచి ఫిర్యాదు వచ్చింది. సూపరింటెండెంటు ఫోన్లోనే బస్సు హారన్‌లా మాట్లాడే మనిషి.

"పూర్వం బటన్ నొక్కితే టీ చల్లారేలోపు చార్టు వచ్చేదమ్మా! ఇప్పుడు టీ తాగి, కప్పు కడిగి, బోర్లించి, ఆ కప్పు ఆరిపోయినా రావట్లేదు. వరండాలో డ్రైవర్లు నా పీక మీద కూర్చున్నారు!"

మేనేజరమ్మ తాళంగారిని గదిలోకి పిలిచి తలుపు మూసింది. తాళంగారు లేచి ఆ తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి కూర్చున్నారు.

"ఎప్పటి నుంచి నెమ్మదించింది?" అంది ఆమె.

"మా వాడి ముక్క పెట్టిన నెల నుంచి."

"అదే నెలలో పక్క డిపో బస్సులు కూడా వీళ్ళలో కలిశాయి కదండీ?"

"బస్సులు కలిశాయి. కానీ మావాడూ కలిశాడు," అన్నారు తాళంగారు కళ్ళు చికిలించి.

"సరే, ఊహలొద్దు. కొలవండి. ఏ ముక్క ఎంతసేపు తీసుకుంటోందో నాకు తేల్చి చెప్పండి. ఈ నెలాఖరుకి అతన్ని పర్మనెంట్ చెయ్యాలా, పంపించెయ్యాలా అన్నది నిర్ణయించాలి. అతని ముక్కే ఆలస్యం చేస్తుంటే నేను ఉంచలేను. శుక్రవారం సూపరింటెండెంటుగారు వస్తున్నారు. ఆయన ముందే తేల్చేద్దాం."

"నన్నే ఎందుకు కొలవమంటున్నారు మేడం?"

"మీరు బావగారు కాబట్టి. మీరు కొలిస్తే కక్షతో చేశారని ఎవరూ అనరు."

తాళంగారు బయటికి వస్తూ ఆ మాట గురించే ఆలోచించారు. కక్షతో చేశారని అనరు సరే, పక్షపాతంతో వదిలేశారని అంటారు కదా! మేనేజరమ్మ తననే పరీక్షిస్తోందేమో! ఆ క్షణానే ఆయన నిశ్చయించుకున్నారు. నిమిషాలు కొలిచే మిషతో బావమరిది నిజస్వరూపం బయటపెట్టాలి.

ప్రోగ్రాము ముక్క ఎంతసేపు నడిచిందో కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. ముక్క మొదట్లో 'ఇప్పుడు టైమెంత?' అని ఒక వాక్యం రాయాలి, చివర అదే వాక్యం మళ్ళీ రాయాలి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే చాలు. ఆ వాక్యాలని తాళంగారు గడియారాలు అంటారు. ఆయన గడియారాలు టైము చూడటమే కాదు, చూసిన టైముని ఒక ఫైల్లో రాసి, రాశానో లేదో సరిచూసుకుని మరీ ముందుకు కదులుతాయి. గడియారం కూడా యజమాని పోలికే.

తన ముక్కకి ఆయన రెండు గడియారాలు పెట్టుకున్నారు, పని మొదలయ్యే చోట ఒకటి, ముగిసే చోట ఒకటి. తన సంగతి తనకి తెలియదా! బావమరిది ముక్కకి మాత్రం అలా సరిపోదు. ఆ ముక్క లోపల డ్రైవర్లందరినీ, బస్సులన్నిటినీ తిప్పి తిప్పి జత కలిపే ఒక పెద్ద లూప్ ఉంది. లూపంటేనే తాళంగారికి లోపం వినపడుతుంది. అందుకని లూప్ లోపల, ఒక్కో జత కలిసే ప్రతిసారీ మోగేలా ఒక గడియారం బిగించారు.

నడిపి చూశారు. తన ముక్క ఒక్క నిమిషం. బావమరిది ముక్క నాలుగు.

"నాలుగా!" అన్నారు తాళంగారు, దొంగని దుప్పటితో సహా పట్టుకున్నవాడిలా. "ఏరా, ఇటు రా ఒకసారి."

బావమరిది కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. "ఏంటి బావా?"

"నీ ముక్క ఎంతసేపు పడుతుందనుకుంటున్నావ్?"

"నా మెషిన్ మీద నిమిషం కూడా పట్టదు."

"నీ మెషిన్ నీ మాట వింటుంది. నా మెషిన్ నిజం చెబుతుంది. నాలుగు!"

"నాలుగెందుకు పడుతుంది బావా? ఏదో తేడా ఉంది. ఎక్కడ కొలిచారో చూపించండి."

"చూపిస్తాను, చూపిస్తాను. చూపించగానే సర్దేద్దువుగాని," అని తాళంగారు తెర మీద చెయ్యి అడ్డం పెట్టారు.

బావమరిది ఏమీ అనలేదు. తాళంగారి లెక్కలో ఏమీ అనకపోవడం మొదటి రుజువు.

మర్నాడు ఆయన ఆ నాలుగు నిమిషాలూ సరిగ్గా ఏ వాక్యం దగ్గర పోతున్నాయో పట్టుకుందామని లూప్ లోపల మరికొన్ని గడియారాలు పెట్టారు. సెలవులు చూసే చోట ఒకటి, విశ్రాంతి చూసే చోట ఒకటి, దారి మలుపుల్లో తలా ఒకటి. నడిపారు. ఏడు నిమిషాలు వచ్చింది.

నిన్న నాలుగు, ఇవాళ ఏడు! ఒక్క పూటలో మూడు నిమిషాలు ఎలా పెరుగుతాయి? తాళంగారి బుర్రలో ఒకటే జవాబు. వీడు మార్చేస్తున్నాడు. నేను కొలుస్తున్నానని తెలిసి, నన్ను తికమక పెట్టడానికి లోపల ఏదో కెలుకుతున్నాడు. వెంటనే బావమరిది ఆ ఫైళ్ళు ముట్టుకోవడానికి వీల్లేకుండా అనుమతులు తీసేశారు, అంటే ఆఫీసు భాషలో తాళం వేశారు. వేసి మూడుసార్లు లాగి చూశారు కూడా. బావమరిది పేరుతో తెరవబోయి, తెరుచుకోకపోతే తృప్తి పడ్డారు.

తాళం వేశాక, దొంగ లోపలే ఉన్నాడేమోనని ఇంకొన్ని గడియారాలు పెట్టి నడిపారు. తొమ్మిది!

ముట్టుకోకుండానే పెంచుతున్నాడంటే మామూలు ఘటం కాదు వీడు. వేగం కొలవమంటే తాళంగారు వేగులవాళ్ళని పెట్టినట్టు అడుగడుగునా గడియారాలు నిలబెట్టారు. గడియారాలు పెరిగినకొద్దీ నిమిషాలు పెరిగాయి, నిమిషాలు పెరిగినకొద్దీ అనుమానం పెరిగింది, అనుమానం పెరిగినకొద్దీ మళ్ళీ గడియారాలు పెరిగాయి. ఇది కూడా ఒక లూపే. ఇందులో మాత్రం ఆయన ఒక్క గడియారమూ పెట్టుకోలేదు.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఇరుకు. బావమరిది ఉండేది వాళ్ళ ఇంట్లోనే, ముందు గదిలో సోఫా మీద. అతని కాళ్ళు సోఫాకన్నా పొడుగు కాబట్టి రోజూ ఉదయం తాళంగారు లేచి బయటికి వచ్చేసరికి దారికి అడ్డంగా రెండు పాదాలు పలకరిస్తాయి.

ఆ వారం బావమరిది ఫోన్ మోగితే చాలు, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటున్నాడు. గురువారం సాయంత్రం తాళంగారు బట్టలు ఆరేసే నెపంతో పక్క కిటికీ దగ్గర తడి చొక్కా పట్టుకుని నిలబడ్డారు.

"అవునండీ... నెలాఖరుకి ఖాయం," అంటున్నాడు బావమరిది గొంతు తగ్గించి. "లేదండీ, బావకి ఇంకా చెప్పలేదు. తెలిస్తే పని జరగనివ్వడు. తాళాలు నా చేతికొచ్చాక అప్పుడు చెబుతా."

తాళంగారి చేతిలో చొక్కా నుంచి నీళ్ళు పాదాల మీద కారుతున్నా ఆయనకి తెలియలేదు. నెలాఖరు! తాళాలు! బావకి తెలియకూడదు! ఇంకేం కావాలి? ఎవడో పోటీ కంపెనీవాడు. ప్రోగ్రాముని లోపల్నుంచి గుల్ల చేసి, తాళాలు వాళ్ళ చేతిలో పెట్టి, వీడు చక్కా పోతాడు.

భోజనాల దగ్గర ఆయన బావమరిది ముఖం వంకే చూస్తూ ముద్ద ముక్కులో పెట్టుకోబోయారు.

"ఏవండీ, వాడి మొహం మీద ఏమైనా రాసుందా?" అంది భార్య. ఆవిడ ఆసుపత్రిలో నర్సు.

"రాసుంటే బావుండేది, చదివేవాణ్ణి."

"మూడు రోజుల నుంచి చూస్తున్నా, వాడు నీళ్ళు తాగితే గుటకలు లెక్కపెడుతున్నారు. ఆసుపత్రిలో నేను పేషెంటుకి బీపీ చూసేటప్పుడు మీరలా గుడ్లురుముతూ ఎదురుగా నిలబడితే, ఉన్న బీపీకి రెట్టింపు చూపిస్తుంది."

"బీపీకి భయం ఉంటుంది. నిమిషానికి ఏం భయం?" అన్నారు తాళంగారు. "నేను కొలిచేది మనిషిని కాదు, కోడ్‌ని."

"మరి చూసేది మనిషినేగా!"

"అక్కా, వదిలెయ్," అన్నాడు బావమరిది కంచంలోంచి తలెత్తకుండా. "రేపు తేలిపోతుందిగా."

"ఏం తేలుతుందిరా?" అన్నారు తాళంగారు గద్దలా.

"ఏది తేలికైతే అదే తేలుతుంది బావా."

ఈ కుర్రాడు తన ముందే మాటలతో ఆడుకుంటున్నాడంటే ఎంత గుండె ధైర్యం! తాళంగారు ఆ పూటే కూర్చుని మేనేజరమ్మకి లెక్క పంపేశారు. జత కలిపే ముక్క తొమ్మిది నిమిషాలు, చార్టు గీసే ముక్క ఒక నిమిషం. ఆలస్యానికి కారణం మొదటి ముక్కే. కింద తన పేరు కూడా పెట్టారు.

శుక్రవారం ఉదయం బావమరిది ముందే వెళ్ళిపోయాడు. తాళంగారు ఇంటి తాళం రెండోసారి లాగడానికి మెట్లెక్కి వచ్చేసరికి, డ్యూటీకి తనతోపాటే బయటికొచ్చిన భార్య ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉంది.

"మీకో సంగతి చెప్పాలి. వాడు చెప్పొద్దన్నాడు గానీ, మీరు వాణ్ణి చూసే చూపు నాకు నచ్చట్లేదు. వాడు ఇల్లు చూసుకున్నాడు."

"ఇల్లా? ఏ ఇల్లు?"

"వీధి చివర మేడ మీద రెండు గదులు. ఉద్యోగం పర్మనెంటైతే నెలాఖరుకి ఖాయం చేస్తానన్నాడు ఇంటాయన. లేకపోతే ఇవ్వడట."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరేం చేస్తారో మీకు తెలీదా? ఇంటాయన్ని విచారిస్తారు, కిటికీలు లాగి చూస్తారు, గోడలు తట్టి చూస్తారు. ఆయన భయపడి ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు. అందుకని, తాళాలు చేతికొచ్చాకే చెబుతానన్నాడు."

తాళంగారు గొళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. నెలాఖరు, తాళాలు, బావకి తెలియకూడదు. పోటీ కంపెనీ కాస్తా మేడ మీద రెండు గదులైపోయింది. దాని వెనకే ఇంకో సంగతి మెల్లగా తలకెక్కింది. ఇవాళ బావమరిది ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే వాడు ఎక్కడుంటాడు? ఆ సోఫా మీదే! ఆ రెండు పాదాలూ జీవితాంతం తన దారికి అడ్డంగానే!

'అయితే మాత్రం?' అనుకున్నారు ఆయన మెట్లు దిగుతూ. 'ఫోను సంగతి నేను పొరబడ్డాను, ఒప్పుకుంటా. కానీ తొమ్మిది తొమ్మిదే కదా!'

సమావేశం గదిలో పొడుగు బల్ల, గోడకి తెర, తెర పక్కన గోడ గడియారం. సూపరింటెండెంటు కుర్చీ నిండా కూర్చున్నాడు. బావమరిది చేతులు బల్ల కిందే ఉంచుకున్నాడు. మేనేజరమ్మ తెర మీద లెక్క పెట్టి చదివింది.

"జత కలిపే ముక్క తొమ్మిది. చార్టు ముక్క ఒకటి. మొత్తం పది నిమిషాలు."

"పదా?" అన్నాడు సూపరింటెండెంటు. "పదెక్కడిదమ్మా? మా దగ్గర ఆరు."

"మీ దగ్గర మెషిన్ కొత్తది అయ్యుంటుంది," అన్నారు తాళంగారు.

"మాదా! బాబూ, మా కంప్యూటరుకి లోపలి ఫ్యానుతో గాలాడట్లేదని పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాం. అది తిరిగితే కాగితాలెగురుతాయి, ఆపితే కంప్యూటరు ఉడుకుతుంది. అదే కొత్తదైతే నేను పాలుతాగే పిల్లాణ్ణి."

మేనేజరమ్మ తాళంగారి వంక చూసింది. ఎప్పుడూ తను చూసే చూపు తన మీదకే రావడం తాళంగారికి ఇదే మొదటిసారి.

"డిపోకి మనం పంపిన ప్రోగ్రాము ఉందిగా, గడియారాలూ అవీ లేనిది. అదే ఇక్కడ మీ మెషిన్ మీద నడపండి, చూద్దాం," అంది ఆమె.

తాళంగారు నడిపారు. నలుగురూ గోడ గడియారం వంక తలెత్తి కూర్చున్నారు. పనిలేనప్పుడు నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది. సూపరింటెండెంటు మీసం ఒకవైపు సవరించి, రెండోవైపు సవరించి, మళ్ళీ మొదటివైపుకి వచ్చాడు. పైన డాన్సు బడిలో కాళ్ళు దబదబలాడాయి. బల్ల మీద కాస్త సున్నం రాలింది. తాళంగారు మాత్రం లోపల లోపల లెక్కపెడుతున్నారు. ఇంకా బావమరిది ముక్కలోనే ఉండాలి, తొమ్మిది నిమిషాల ముక్క కదా. ఇంకా అందులోనే, ఇంకా...

తెర మీద చార్టు టకీమని వచ్చి కూర్చుంది.

"ఆరు!" అన్నాడు సూపరింటెండెంటు హారన్ మోగించినట్టు. "చెప్పానా!"

తర్వాత మేనేజరమ్మ చాలా నెమ్మదిగా అడిగింది.

"మొత్తం పని ఆరు నిమిషాల్లో అయిపోయింది. అందులో ఒక్క ముక్కకే తొమ్మిది పట్టిందని మీరు రాశారు. ముక్క మొత్తం కన్నా ఎలా పెద్దదైంది?"

తాళంగారు జీవితంలో ఎన్నో అనుమానాలు పడ్డారు గానీ, ముక్క మొత్తం కన్నా పెద్దది కావచ్చునన్న అనుమానం మాత్రం ఎన్నడూ పడలేదు. ఎందుకంటే గడియారాలు లేకుండా ఒక్కసారి మొత్తం నడిపి చూద్దామని ఆయనకి తోచనే లేదు. కాపలా లేకుండా దేన్నీ వదిలే అలవాటు లేదు మరి.

"నెట్‌వర్క్ ఏమైనా తేడా చేసిందంటారా?" అంది మేనేజరమ్మ, పెద్దమనిషి ఇబ్బంది చూడలేక తలుపు కొంచెం తెరిచినట్టు.

"అయ్యుండొచ్చు మేడం," అన్నాడు బావమరిది వెంటనే. "వారమంతా నెట్‌వర్క్ బాగోలేదు. బావ తప్పేం కాదు."

ఆ మాట వింటూనే తాళంగారు కొయ్యబారిపోయారు. వారం రోజులుగా తాను ఎవడి గుటకలు లెక్కపెట్టారో, వాడు తన పరువుకి గొడుగు పడుతున్నాడు. తలూపితే చాలు, గండం గడిచిపోతుంది. కానీ తలూపితే కింద పేరుతో సహా ఆ తొమ్మిది అలాగే ఉండిపోతుంది. నెట్‌వర్క్‌ని ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యరు. తీస్తే వీణ్ణే తీస్తారు.

"నెట్‌వర్క్ కాదు మేడం," అన్నారాయన. "గడియారాలు."

"అంటే?"

"లూప్ లోపల పెట్టాను. జత కలిపిన ప్రతిసారీ టైము చూడాలి, ఫైల్లో రాయాలి, రాశానో లేదో సరిచూసుకోవాలి. లక్షల సార్లు. వాడి పని కన్నా నా కాపలాకే ఎక్కువసేపు పట్టింది. నేను కొలిచింది వాడి ముక్కని కాదు, నా గడియారాల్ని."

"అర్థమైంది," అన్నాడు సూపరింటెండెంటు. "బస్సు ఆలస్యంగా నడుస్తోందని ప్రతి బస్టాపులోనూ ఒక చెకింగువాణ్ణి ఎక్కించినట్టు. వాడు ఎక్కి, టికెట్లు చూసి, దిగేసరికి బస్సు ఇంకా ఆలస్యం."

"అంతే," అన్నారు తాళంగారు.

"మరి మీ ముక్కలో ఎన్ని గడియారాలు పెట్టారు?" అంది మేనేజరమ్మ.

"రెండు."

"ఎందుకని?"

"నాది కదా మేడం."

సూపరింటెండెంటు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మేనేజరమ్మ నవ్వలేదు.

"ఆ గడియారాలన్నీ పీకెయ్యండి. ఇద్దరి ముక్కలకీ మొదట ఒకటి, చివర ఒకటి. నా ముందే."

తాళంగారు పీకారు. కలుపుమొక్కలు పీకినట్టు ఒక్కొక్కటే పీకుతుంటే, ఎన్ని పెట్టారో చూసి ఆయనకే సిగ్గేసింది. మళ్ళీ నడిపారు. బావమరిది ముక్క నిమిషంలోపు. తాళంగారి ముక్క నిమిషం.

"రెండూ కలిపి రెండు," అన్నాడు సూపరింటెండెంటు వేళ్ళు విప్పి. "మరి మా దగ్గర పట్టేది ఆరు. మిగతా నాలుగూ ఎవరు మింగారు?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. వారం రోజుల్లో అతను తెర వైపు చెయ్యి చాపడం ఇదే మొదలు. "బావా, మీ మొదటి గడియారం ఎక్కడ పెట్టారు?"

"గళ్ళు గీయడం మొదలయ్యే చోట."

"దానికి ముందు సరిచూడటం ఉంది కదా. ఒకే డ్రైవరు రెండు బస్సుల్లో పడ్డాడేమోనని చూసేది. అది లెక్కలోకి రాలేదు."

"అది పని కాదు కదరా," అన్నారు తాళంగారు అమాయకంగా. "అది జాగ్రత్త."

అన్నాక ఆ మాట తాళంగారికే మళ్ళీ వినపడింది. ఆయన లేచి, ఎవరూ అడక్కుండానే, ఆ జాగ్రత్తకి ముందొక గడియారం, వెనకొక గడియారం పెట్టి నడిపారు. నాలుగు నిమిషాలు.

"చార్టులో ఒక్కో వరసనీ మిగతా వరసలన్నిటితోనూ పోల్చి చూస్తుంది," అన్నారాయన కూర్చోకుండానే. "పూర్వం బస్సులు తక్కువ కాబట్టి తెలిసేది కాదు. పక్క డిపో వచ్చి బస్సులు రెట్టింపయ్యేసరికి పోల్చాల్సిన జతలు నాలుగింతలయ్యాయి. పైగా మూడుసార్లు చూస్తుంది."

"మూడుసార్లా? ఎందుకండీ?"

"ఒకసారి చూశాక... చూశానో లేదో అని."

ఇప్పుడు మేనేజరమ్మ కూడా నవ్వేసింది. సూపరింటెండెంటు అయితే బల్ల చరిచాడు, మళ్ళీ సున్నం రాలిందా అని అందరూ పైకి చూశారు.

"ఇన్నేళ్ళలో ఒక్క డ్రైవరైనా రెండు బస్సుల్లో దొరికాడా బాబూ?"

"లేదు."

"మరింకేం! ఒక బస్సుకి ఒక్క డ్రైవరే దొరక్క నేను ఏడుస్తుంటే!"

మేనేజరమ్మ తెర మీద లెక్క చెరిపేసింది. "బావమరిదిగారూ, మీకు పర్మనెంట్ ఈ నెల నుంచే. మొదటి పని ఇదే. ఆ సరిచూడటాన్ని కుదించండి. తాళంగారు పక్కన కూర్చుంటారు." ఒక్క క్షణం ఆగి, "చేతులు బల్ల కింద పెట్టుకుని," అంది.

సమయం కొలవబోయి సంశయాన్ని కొలిచి వచ్చిన మనిషి ఆ మధ్యాహ్నం బావమరిది పక్కన బుద్ధిగా కూర్చున్నాడు.

"ఒరేయ్," అన్నారు కాసేపటికి, తెర వంక చూస్తూ. "ఆ ఫోన్లో నువ్వు మాట్లాడింది విన్నాను. ఇంకోలా అనుకున్నాను."

"తెలుసు బావా. కిటికీ కింద నీళ్ళు మడుగు కట్టాయి. చొక్కా పిండకుండా ఆరేస్తారా ఎవరైనా?"

"ఊ." కాసేపాగి, "నాది తప్పేరా," అన్నారు.

"సర్లెండి. మూడింట్లో రెండు తీసేస్తున్నా."

"ఒకటి ఉంచు."

"ఉంచుతా."

"ఉంచావా?"

"బావా!"

"సరే, సరే."

ఇప్పుడు డిపోలో టీ చల్లారేలోపు చార్టు వస్తోంది. టీ మరీ వేడిగా ఉంటే తాగడం పూర్తి కాకముందే వస్తోందని సూపరింటెండెంటుకి కొత్త ఫిర్యాదు.

నెలాఖరు ఆదివారం బావమరిది వీధి చివర మేడ మీదకి మారాడు. సామాను పెద్దగా లేదు, ఒక పెట్టె, ఒక దిండు, సోఫాలో పట్టని రెండు కాళ్ళు. అన్నీ సర్దాక ముగ్గురూ తాళంగారి ఇంటికి భోజనానికి బయల్దేరారు. బావమరిది కొత్త తలుపుకి గడియ పెట్టి, తాళం వేసి, బావ వైపు తిరిగాడు.

"లాగండి బావా. ఒక్కసారే."

తాళంగారు ఒక్కసారి లాగారు. మెల్లగా, కొత్త గొళ్ళెమని గుర్తుంచుకుని మరీ లాగారు. మెట్లు దిగారు. నాలుగో మెట్టు దగ్గర ఆయన కాలు కొంచెం తడబడింది. భార్య పక్కనుంచి చూసి, చూడనట్టు నడిచింది. ఆయన ఆగలేదు. వీధి మలుపు దాకా వెనక్కి తిరగకుండా వచ్చేశారు.

మలుపు దగ్గర బావమరిదే ఆగిపోయాడు.

"బావా, మీరు లాగింది మరీ మెల్లగా లాగారు."

"పడింది లేరా."

"పడిందంటారా?" అన్నాడు కుర్రాడు మేడ వైపు కళ్ళు చికిలించి చూస్తూ. "ఒక్క నిమిషం. ఇప్పుడే వస్తా," అని వెనక్కి పరుగెత్తాడు.

"అంటించారుగా!" అంది భార్య.

తాళంగారు బదులు చెప్పకుండా మలుపులో నిలబడ్డారు. చెయ్యి అలవాటుగా చొక్కా చేతికింద ఉన్న గడియారం వైపు వెళ్ళింది. ఆ చేతిని జేబులో పెట్టేసుకున్నారు. కుర్రాడు తిరిగి వచ్చేదాకా టైము చూడలేదు. చూస్తే ఇంకా ఆలస్యమవుతుందని.